నిద్ర ఎవరిదైనా నింద ఆమెదే

"నిద్రలో చెయ్యి పడిందిలే, ఊరుకో."

ఈ మాట వినకుండా పెరిగిన ఆడపిల్లలు మనలో తక్కువ. పెళ్ళింట్లో హాలంతా చాపలు పరిచి చుట్టాలందరూ ఒకచోట పడుకున్న రాత్రి, ఎండాకాలం డాబా మీద పక్కలు వేసుకున్న రాత్రి, రాత్రి బస్సులో పక్క సీటు పెద్దమనిషి గురక పెడుతున్న రాత్రి చెయ్యి పడుతుంది. పిల్ల ఉలిక్కిపడి లేచి వాళ్ళమ్మ దగ్గరికి జరుగుతుంది. తెల్లారి చెప్పబోతే జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఆయన నిద్రలో ఉన్నాడు, ఆయనకేం తెలుసు? నిన్నెవరు అక్కడ పడుకోమన్నారు?" దాంతో జరిగిన పనీ పోయింది, చేసిన మనిషీ పోయాడు. చివరికి మిగిలింది పిల్ల పడుకున్న చోటు.

ఇంతకాలం ఇంటి గోడల మధ్య చెల్లుబాటైన ఈ సాకుకి ఇప్పుడు వైద్యశాస్త్రంలో ఒక పేరుంది, సెక్స్‌సోమ్నియా అని. పాశ్చాత్య దేశాల కోర్టుల్లో అది వాదనగా వినబడుతోంది. మన పత్రికలు దాన్ని "వింత జబ్బు" శీర్షిక కింద నవ్వులాటకి వేస్తాయి. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. ఇది స్త్రీల శరీరాలకీ, స్త్రీల మాటకీ సంబంధించిన విషయం కాబట్టి మనం తీరిగ్గా కూర్చుని చర్చించుకోవాల్సిందే.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేస్తాను. ఈ జబ్బు అబద్ధమని వాదించడం నా ఉద్దేశం కాదు. జబ్బు నిజం. నిద్ర అంతా ఒకే తీరుగా ఉండదు. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర వేరు, రాత్రి మొదటి భాగంలో పట్టే గాఢనిద్ర వేరు. ఆ గాఢనిద్ర నుంచి మెదడు సగం సగంగా మేలుకున్నప్పుడు కొందరు లేచి నడుస్తారు, కొందరు అరుస్తారు, కొందరు వంటింట్లోకి వెళ్ళి తింటారు. కాళ్ళూ చేతులూ ఆడించే భాగం మేలుకుంటుంది. ఏం చేస్తున్నామో ఆలోచించే భాగం, జరిగింది గుర్తుపెట్టుకునే భాగం నిద్రలోనే ఉంటాయి. ఆ స్థితిలోనే కొందరు లైంగిక చర్యలకి పూనుకుంటారు. తమను తాము తాకుతారు, మూలుగుతారు, పక్కనున్న మనిషి మీదికి వెళ్తారు. కళ్ళు తెరిచే ఉండొచ్చు. తెల్లారాక ఏమీ గుర్తుండదు.

కెనడాకి చెందిన షాపిరో, ట్రాజనోవిక్, ఫెడొరాఫ్ అనే పరిశోధకులు 2003లో ఒక వైద్య పత్రికలో దీనికి సెక్స్‌సోమ్నియా అని పేరు పెట్టారు. ఆ వ్యాసం శీర్షిక చివర ప్రశ్నార్థకం ఉంది. పదేళ్ళు తిరిగేసరికి ఆ ప్రశ్నార్థకం పోయింది. 2013లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో దీన్ని నిద్రలో నడిచే జబ్బు కింద చేర్చింది. 2014 నాటి అంతర్జాతీయ నిద్ర వ్యాధుల వర్గీకరణలోనూ దీనికి చోటుంది. నిద్రలేమి, మానసిక ఒత్తిడి, గురకతో పాటు ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా, జోల్పిడెమ్ లాంటి కొన్ని నిద్రమాత్రలు దీన్ని రేపుతాయి. నిద్రలో నడిచే అలవాటు కుటుంబంలో ఉన్నవాళ్ళలో ఎక్కువ. 2010లో టొరంటో పరిశోధకులు ఒక నిద్ర వైద్యశాలకి వచ్చిన 832 మందిని ప్రశ్నిస్తే మగవాళ్ళలో 11 శాతం, ఆడవాళ్ళలో 4 శాతం తమకి ఇలాంటి అనుభవం ఉందన్నారు. ఇది నిద్ర సమస్యలతో డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళ లెక్క. ఊరందరికీ వర్తించే లెక్క కాదు.

జబ్బుని నమ్ముతున్నాం. మరి మన పేచీ ఎక్కడ? ఆ జబ్బు చుట్టూ ఇల్లూ ఆస్పత్రీ కోర్టూ కలిసి అల్లుతున్న కథతోనే మన పేచీ. ఆ కథలో నిద్రపోయింది మగవాడైతే అతనికి తెలియదు కాబట్టి నేరం లేదంటారు. నిద్రపోయింది ఆడదైతే ఆమెకి తెలియదు కాబట్టి నేరం జరిగిందని చెప్పలేమంటారు. నిద్ర ఎవరిదైనా చివరికి చెల్లకుండా పోయేది ఆమె మాటే.

ఆమె కాపలా

కొన్నేళ్ళ క్రితం మా సంస్థకి సలహా కోసం ఒకామె వచ్చింది. పేరూ ఊరూ చెప్పను. ఇద్దరు పిల్లలు, ఒకటే గది. భర్త మంచివాడేనని తనే ముందు చెప్పింది. అయితే వారంలో ఒకటి రెండు రాత్రులు, పడుకున్న గంటా గంటన్నరకి మనిషి మారిపోతాడు. పిలిస్తే పలకడు, తోస్తే ఆగడు, పక్కనే పిల్లలున్నారన్న ధ్యాస ఉండదు. తెల్లారి అడిగితే "కలగన్నావా?" అని నవ్వాడట. రెండోసారి అడిగితే కోప్పడ్డాడట. తల్లికి చెప్పుకుంటే ఆవిడ అన్నది ఒకటే మాట, "మొగుడేగా!" అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. ఒక డాక్టరు భార్యాభర్తలిద్దర్నీ చూసి నవ్వి, బలానికి మందులు రాసి పంపించాడు. మా దగ్గరికొచ్చి ఆమె అడిగింది, "మేడం, ఆయన అబద్ధమాడుతున్నాడా, నాకు పిచ్చిపట్టిందా?"

ఆమెకి కనబడ్డ దారులు రెండే. భర్త మోసగాడన్నా కావాలి, తను పిచ్చిదన్నా కావాలి. ఆమె చెప్పిందీ నిజమే, అతనికి గుర్తులేకపోవడమూ నిజమే అన్న మూడో దారి ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. చివరికి ఒక నిద్ర వైద్యుడు పరీక్ష చేయించాడు. అతనికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతోందని తేలింది. రాత్రిపూట శ్వాస యంత్రం పెట్టుకున్నాక ఆ రాత్రులు బాగా తగ్గాయి. ఆమె మాత్రం యంత్రం సంగతి పెద్దగా మాట్లాడలేదు. డాక్టరు ముందు భర్త మొదటిసారి "నువ్వు చెప్పింది నిజమే" అన్నాడు, అది చెబుతూ ఏడ్చింది.

ఒక సామాజిక పరిశోధకురాలిగా నాకు ఇక్కడ కనబడేది రోగి ఒక్కడే కాదు, రోగి చుట్టూ ఉన్న శ్రమ కూడా. మన ఇళ్ళలో అందరికంటే ఆలస్యంగా పడుకుని అందరికంటే ముందు లేచేది ఎవరో చెప్పక్కర్లేదు. ఆ కాస్త నిద్ర కూడా ఈ జబ్బు ఉన్న ఇంట్లో కాపలాగా మారుతుంది. అతను ఎప్పుడు కదులుతాడా అని ఆమె చెవులు రిక్కించుకుని పడుకుంటుంది. పిల్లల్ని గోడవైపుకి జరుపుతుంది, మధ్యలో తను అడ్డం పడుకుంటుంది. వైద్య గ్రంథాలు వేరే గదిలో పడుకోమంటాయి, తలుపు గడియ వేసుకోమంటాయి. ఒకటే గదున్న ఇంట్లో ఏ గడియ వేసుకోవాలి? రోగం అతనిదైతే జాగారం ఆమెది. దీన్ని ఏ వైద్య పరిశోధనా ఖర్చుగా లెక్కకట్టదు.

రెండు నగరాలు, ఒకే తీర్పు

ఇంట్లో కథ ఇలా ఉంటే కోర్టుల్లో ఎలా ఉందో చూద్దాం. మొదటిది కెనడా. నిద్రలో చేసిన పనికి నేరం అంటదన్న వాదన అక్కడ 1992లో అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళి నిలిచింది. అది హత్య కేసు. 1987లో ఒకతను నిద్రలోనే కారు నడుపుకుంటూ వెళ్ళి అత్తగారిని చంపాడని, అతనికి స్పృహ లేదని నమ్మి విడుదల చేశారు. ఆ తలుపు లోంచే తర్వాత అత్యాచారం కేసు వచ్చింది. 2003 జూలైలో టొరంటోలో ఒక విందు తర్వాత సోఫాలో నిద్రపోయిన యువతి, తన మీద ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఉండగా మేలుకుంది. అతన్ని తోసేసి "నువ్వెవరు?" అని అడిగింది. అతను తాగి ఉన్నాడు, చాలా గంటలుగా నిద్రలేదు. కండోమ్ ధరించి ఉన్నాడు. తనకి నిద్రలో ఇలా జరిగే జబ్బుందని వాదించాడు. ఆ జబ్బుకి పేరు పెట్టిన షాపిరోనే నిపుణుడిగా వచ్చి సాక్ష్యం చెప్పాడు. 2005లో న్యాయమూర్తి అతన్ని నిర్దోషిగా వదిలేశారు.

ఇందులో మనం ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. అతనికి అంతకుముందు ప్రేయసులతో ఇలాంటివే జరిగాయని వాదనలో బయటికొచ్చింది. ఆ సంగతి జబ్బు నిజమనడానికి రుజువుగా కోర్టుకి పనికొచ్చింది. మనకి అది వేరే ప్రశ్న వేస్తుంది. తన శరీరం రాత్రిపూట ఏం చేయగలదో తెలిసిన మనిషి ఎందుకు తాగాడు, ఎందుకు నలుగురూ పడుకున్న గదిలో పడుకున్నాడు? 2008లో అంటారియో పై కోర్టు ఆ విడుదలని కొట్టేసింది. ఇది మళ్ళీ మళ్ళీ వచ్చే జబ్బు, సమాజ రక్షణ కూడా చూడాలి, కాబట్టి పూర్తి నిర్దోషి అనడానికి వీల్లేదు, మానసిక వ్యాధి కారణంగా బాధ్యత లేనివాడా అన్న ప్రశ్న మీద తిరిగి విచారించాలి అంది. కొంత నయమే. కానీ అక్కడిదాకా రావడానికి ఆమెకి అయిదేళ్ళు పట్టింది.

రెండో నగరం లండన్. ఇది ఇంకా విచిత్రం. 2017లో ఒక యువతి స్నేహితుల ఇంట్లో సోఫా మీద నిద్రపోయి, లేచేసరికి సగం బట్టల్లేవు, మెళ్ళో గొలుసు తెగి పడి ఉంది. అత్యాచారం జరిగిందని ఫిర్యాదు చేసింది. మూడేళ్ళు విచారణ కోసం ఎదురుచూసింది. 2020లో, మరికొద్ది రోజుల్లో కేసు కోర్టుకి వస్తుందనగా ప్రాసిక్యూషన్ వాళ్ళే కేసు వదులుకున్నారు. కారణం ఏమిటో తెలుసా? జబ్బు నిందితుడికి ఉందని కాదు, ఆమెకి ఉండొచ్చని! చిన్నతనంలో నిద్రలో నడిచానని ఆమె పోలీసులకి మాటవరసకి చెప్పింది. దాన్ని పట్టుకుని, ఆమె ఆ రాత్రి సెక్స్‌సోమ్నియాలో ఉండి ఉండొచ్చు, కళ్ళు తెరిచి ఇష్టపడుతున్నట్టే కనబడి ఉండొచ్చు, అతను అంగీకారం ఉందనుకుని ఉండొచ్చు అని నిపుణులు అభిప్రాయపడ్డారు. ఉండొచ్చు, ఉండొచ్చు, ఉండొచ్చు. మూడు "ఉండొచ్చు"ల మీద కేసు మూసేశారు. అతను చట్టరీత్యా నిర్దోషి అయ్యాడు కాబట్టి ఆ కేసు తిరిగి తెరవడానికి వీల్లేకపోయింది.

ఆమె వదల్లేదు. పునఃపరిశీలన కోరింది. ఈ కేసు జూరీ ముందుకి వెళ్ళాల్సిందేనని ప్రాసిక్యూషన్ అధికారి ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. 2022లో ఆమె బీబీసీ డాక్యుమెంటరీలో తన ముఖం దాచుకోకుండా ఈ కథంతా చెప్పింది. 2024లో ప్రాసిక్యూషన్ ఆమెకి 35,000 పౌండ్ల పరిహారం చెల్లించింది. క్షమాపణా పరిహారమూ అందాయి, న్యాయస్థానంలో ఒక్క రోజు మాత్రం ఆమెకి అందలేదు.

బ్రిటన్ చట్టం ఏమంటుందో చూడండి. 2003 నాటి లైంగిక నేరాల చట్టం ప్రకారం ఫిర్యాదీ నిద్రలో ఉందని రుజువైతే, ఆమె అంగీకరించలేదనే అనుకోవాలి. అనుమానం రేపాల్సిన భారం ఎదుటివాడిది. అంటే చట్టం నిద్రని ఆమెకి రక్షణగా ఇచ్చింది. నిపుణుడి మాట దాన్ని తలకిందులు చేసి ఆమె నిద్రనే ఆమె మీద సాక్ష్యంగా మార్చింది. పైగా ఆ మాట నిజమే అనుకుందాం, ఆమెకి ఆ జబ్బుందే అనుకుందాం. స్పృహలేని శరీరం కదిలితే అది అంగీకారం అవుతుందా? కెనడా సుప్రీంకోర్టు 2011లో ఒక కేసులో దీనికి సూటిగా జవాబు చెప్పింది. అంగీకారమంటే ఆ చర్య జరుగుతున్నంతసేపూ స్పృహతో ఉండి ఇచ్చేది, స్పృహ లేని సమయానికి ముందుగానే అంగీకారం ఇచ్చి పెట్టడం కూడా కుదరదు అని. ఇది మన స్త్రీల ఉద్యమాలు ఎప్పట్నించో చెబుతున్న మాటే.

శీలం పోయి నిద్ర వచ్చె

హైదరాబాదు వాళ్ళకి ఈ తంతు కొత్తది కాదు. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్లో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేశారు, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ని కొట్టి చంపారు. ఊరు ఊరంతా మండిపోయింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేస్తే, ఆ కమిషన్ ముందు పోలీసుల తరఫువాళ్ళు చేసిన పనేమిటి? ఆమె వేశ్య అని, ఆమె పెళ్ళి పెళ్ళే కాదని చెప్పడానికి సాక్షుల్ని వరస కట్టించారు. కమిషన్ పోలీసులది తప్పని తేల్చినా, కేసు కర్ణాటకలోని రాయచూరుకి బదిలీ అయి 1981లో అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. విచారణకి నిలబడాల్సింది పోలీసులు, నిలబడింది రమీజాబీ.

ఫిర్యాదు చేసిన స్త్రీ శీలం మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని పడగొట్టే వెసులుబాటు మన సాక్ష్య చట్టంలో చాలాకాలం అచ్చంగా రాసి ఉండేది. ఉద్యమాల ఒత్తిడితో 2002 సవరణ చట్టం దాన్ని తీసేసింది. ఒక తలుపు మూయడానికి మనకి పాతికేళ్ళు పట్టింది. ఇప్పుడు తెల్లకోటు వేసుకుని ఇంకో తలుపు తెరుచుకుంటోంది. నిన్నటిదాకా "నువ్వెలాంటిదానివి?" అని అడిగేవాళ్ళు. ఇకమీదట "నువ్వెలా నిద్రపోతావు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నలోని అనుమానం పాతదే.

మన దేశంలో భర్తకి జబ్బు అక్కర్లేదు

మన చట్టం సంగతికి వద్దాం. 2013 సవరణ తర్వాత అంగీకారం అంటే మాటతోనో సైగతోనో స్పష్టంగా, స్వచ్ఛందంగా తెలిపిన సమ్మతి అని నిర్వచనం వచ్చింది. అంగీకారం తెలపలేని స్థితిలో ఉన్న స్త్రీతో జరిపిన చర్య అత్యాచారమే. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లోనూ ఇదే ఉంది. నిద్రపోతున్న స్త్రీ అంగీకారం తెలపలేదు. ఇంతవరకూ బాగానే ఉంది.

కానీ అదే సెక్షన్ అడుగున ఒక మినహాయింపుంది. పద్ధెనిమిదేళ్ళు నిండిన భార్యతో భర్త చేసింది ఏదీ అత్యాచారం కాదు. అంటే మన దేశంలో భర్త నిద్రలో చేశాడా మెలకువలో చేశాడా అన్న ప్రశ్నే పుట్టదు. టొరంటోలో ఆ యువకుడు నిపుణుల్ని తెచ్చి, నిద్ర పరీక్షలు చేయించి కష్టపడి సంపాదించుకున్న విడుదలని మన చట్టం ప్రతి భర్తకీ పెళ్ళినాడే కట్నంతో పాటు ఇచ్చేస్తోంది. "మొగుడేగా!" అన్న ఆ తల్లి మాట అమాయకత్వం కాదు, అది ఈ దేశపు చట్టం. ఈ మినహాయింపు మీద 2022 మేలో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరోమాట చెప్పారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టులో వాదనలు మొదలై, ప్రధాన న్యాయమూర్తి పదవీ విరమణ దగ్గరపడిందని వాయిదా పడ్డాయి. కేంద్రప్రభుత్వం మినహాయింపు ఉండాల్సిందేనని ప్రమాణపత్రం వేసింది.

భార్యకి మిగిలిన ఆధారం 2005 నాటి గృహహింస చట్టం. అది లైంగిక హింసని గృహహింసగా గుర్తించింది. దాని కింద రక్షణ ఉత్తర్వులు తెచ్చుకోవచ్చు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు నిలబెట్టుకోవచ్చు. భర్తని జైలుకి పంపడం ఇష్టంలేక, రాత్రిపూట భద్రత మాత్రం కావాలనుకునే స్త్రీకి ఈ చట్టం నిజంగా పనికొస్తుంది. మా దగ్గరికొచ్చిన ఆమె లాంటివాళ్ళకి ఈ సంగతి తెలియాలి.

మెలకువలో ఉన్నప్పుడు ఏం చేశావు?

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ వస్తుంది. స్పృహలేని మనిషిని, రోగిని శిక్షించమంటున్నారా అని మిత్రులు అడుగుతారు. లేదు. నిజంగా నిద్రలో ఉన్నవాడికి ఆ క్షణంలో బుద్ధిపూర్వకమైన ఉద్దేశం ఉండదు. ఉద్దేశం లేనిదే నేరం లేదన్న సూత్రం పేదవాళ్ళనీ కాపాడుతుంది, దాన్ని మనం చులకన చెయ్యకూడదు. మన ప్రశ్న నిద్రపోతున్న మనిషికి కాదు. నిద్రకి ముందూ నిద్ర తర్వాతా మెలకువగా ఉన్న మనిషికి. నీకు జబ్బుందని తెలిశాక ఏం చేశావు? డాక్టరు దగ్గరికి వెళ్ళావా? పక్కన పడుకోబోయే మనిషికి చెప్పావా? పిల్లలున్న గదిలో పడుకోవడం మానేశావా? ఇవన్నీ కళ్ళు తెరిచి తీసుకునే నిర్ణయాలు. మూర్ఛ వస్తుందని తెలిసీ లారీ నడిపినవాణ్ణి మూర్ఛ వచ్చిన క్షణం గురించి అడగం, స్టీరింగ్ పట్టుకున్న క్షణం గురించి అడుగుతాం.

తాగుడు సంగతీ అంతే. "మైకంలో ఉన్నాడు, వాడికేం తెలుసు" అన్న సాకు మన ఊళ్ళలో తరతరాలుగా చెల్లింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించినప్పుడు ఆ సాకుని కూడా దుకాణంతో పాటే మూసేశారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఇవాళ అదే మైకం "మద్యం వల్ల నిద్రలో నడిచే జబ్బు రేగింది" అన్న శాస్త్రీయ వేషంతో తిరిగొస్తోంది. నిద్ర వైద్యంలో పేరున్న ప్రెస్‌మన్, మహోవాల్డ్, షెంక్ తదితరులు 2007లో ఉన్న పరిశోధనలన్నీ వెతికి, మద్యమే ఈ స్థితిని కలిగిస్తుందనడానికి నేరుగా ప్రయోగాల్లో రుజువేమీ లేదని తేల్చారు. మన న్యాయ సంహిత కూడా తనంతట తాను తాగినవాడికి తాగుడు సాకుగా ఇవ్వదు. తాగుడు పేరుతో దొరకనిది నిద్ర పేరుతో దొరకనివ్వకూడదు.

నిద్ర పరీక్ష గురించి కూడా భ్రమలు పెట్టుకోవద్దు. నెలల తర్వాత ఆస్పత్రిలో తలకి తీగలు అంటించి చేసే పరీక్ష, ఆ మనిషికి అలాంటి నిద్ర ఉండగలదా అని చెబుతుందేమో గానీ, ఫలానా రాత్రి అతను నిద్రలో ఉన్నాడని చెప్పలేదు. అది చెప్పాల్సింది చుట్టూ ఉన్న వాస్తవాలు. ఆ జబ్బులో ఉన్న మనిషి పథకం వెయ్యడు, తలుపు గడియ పెట్టడు, అరవలేని పిల్లని ఏరుకోడు, ఎవరన్నా వస్తున్న అలికిడికి ఆగి పక్కకి తిరిగి గురక మొదలుపెట్టడు, తెల్లారి "అమ్మకి చెప్పకు" అని చాక్లెట్ ఇవ్వడు. మొదట్లో చెప్పిన ఆ "పడిన చెయ్యి" ఏ రకందో ఈ లెక్కన చూస్తే చాలావరకు తేలిపోతుంది. పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ఇంకా గట్టిది. దురుద్దేశం ఉందనే కోర్టు ముందుగా భావిస్తుంది, లేదని సందేహానికి తావులేకుండా నిరూపించుకోవాల్సింది నిందితుడే. చట్టం ఇంత స్పష్టంగా చెప్పాక ఇళ్ళలో పెద్దవాళ్ళు "నిద్రలో పడిందిలే" అని తీర్పు చెప్పడానికి ఎవరు?

ఈ జబ్బున్న స్త్రీల గురించి ఎవరూ మాట్లాడరు. వాళ్ళూ ఉన్నారు. నిద్రలో మూలిగారనో, తమని తాము తాకారనో భర్త చేతిలో దెబ్బలు తిని, ఎవరిని తలుచుకున్నావని నిలదీయించుకుని, సిగ్గుతో డాక్టరు దగ్గరికి వెళ్ళలేని ఆడవాళ్ళు. మగవాడికి జబ్బు అయింది ఆడదానికి తిరుగుబోతుతనం అవుతుంది. లండన్ కేసు తర్వాత వాళ్ళకి ఇంకో భయం పట్టుకుంది. డాక్టరుకి చెప్పుకుంటే ఆ కాగితం రేపు తమ మీదే సాక్ష్యమవుతుందేమోనని. జబ్బు పేరు చెప్పి ఆమెని నోరు మూయించే వ్యవస్థ ఆమె వైద్యానికి కూడా అడ్డమే.

మనం అడగాల్సినవి

ఒకటి. నిపుణుడి కాగితం చూసి పోలీసులో ప్రాసిక్యూషనో కేసు మూయకూడదు. ఆ నిపుణుడు కోర్టు బోనెక్కాలి, ఎదురు ప్రశ్నలకి జవాబు చెప్పాలి.

రెండు. నిద్రలో ఉన్నానని చెప్పుకునేవాడే అది నిరూపించుకోవాలి. కేసు పడ్డాక లాయరు కనిపెట్టిన జబ్బు కాకుండా, అంతకుముందు నుంచీ ఉన్న వైద్య చరిత్ర చూపించాలి. ఫిర్యాదు చేసిన స్త్రీ నిద్ర అలవాట్లని, చిన్ననాటి ముచ్చట్లని తవ్వడానికి కోర్టు అనుమతి లేనిదే వీల్లేకూడదు.

మూడు. జబ్బుందని తెలిసినవాడి మీద బాధ్యతలు పెట్టాలి. వైద్యం చేయించుకోవడం, తాగకపోవడం, విడిగా పడుకోవడం, తెలియజేయడం. ఇవి పాటించకపోతే నిద్ర అతనికి సాకు కాకూడదు.

నాలుగు. ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో నిద్ర వైద్యం పేదలకి అందాలి. రక్షణాధికారులకీ, కుటుంబ సలహా కేంద్రాల వాళ్ళకీ ఈ జబ్బు గురించి తెలియాలి. వచ్చిన ఆమెని నవ్వి పంపించే డాక్టరుకి ముందుగా తెలియాలి.

అయిదు. వివాహ మినహాయింపు పోవాలి. అది ఉన్నంతకాలం మిగతా నాలుగూ పెళ్ళికాని స్త్రీలకి మాత్రమే పనికొస్తాయి.

ఇవన్నీ సాధించడానికి ఏళ్ళు పట్టొచ్చు. ఈ రాత్రికే చెయ్యగలిగింది ఒకటుంది. ఇంట్లో ఏ పిల్లయినా, ఏ కోడలయినా తెల్లారి వచ్చి "రాత్రి ఇలా జరిగింది" అని చెబితే, ఎవరు నిద్రలో ఉన్నారు, ఎవరు మెలకువగా ఉన్నారు అన్న లెక్కలోకి వెళ్ళకముందే, మా దగ్గరికొచ్చిన ఆమె భర్త ఎంతో ఆలస్యంగా అన్న ఆ మాటని మనం ముందే అందాం. "నువ్వు చెప్పింది నిజమే." మిగతా ప్రశ్నలన్నీ ఆ తర్వాత అడగొచ్చు.